పాటల కొట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్యాసెట్లు, సీడీలు, రికార్డులు, సినిమా డిస్కులు కొనడం గురించి ఏమైనా అడగండి అని పోయిన నెల రాస్తే ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదండి. సగానికి పైగా మన వైజాగ్ నుంచే వచ్చాయి, అందుకే ఈసారి వైజాగ్ ఉత్తరాలే తీసుకున్నాను. మిగతా ఊళ్లవాళ్లు కోపం తెచ్చుకోకండి, వచ్చే నెల మీవే. జవాబుల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, వినకుండా డబ్బులివ్వకండి అని. ఈ శీర్షికలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది అదే, కాబట్టి ఓపిక పట్టండి.

సీతమ్మధార నుంచి ఒక గృహిణి: సార్, మా అబ్బాయి ఇంగ్లాండులో ఎమ్మెస్సీ చదువుతున్నాడు, సంక్రాంతికి వస్తున్నాడు. వాడుండే ఊళ్లో మెయిన్ బజార్లోనే పాటలు, సినిమాలు అమ్మే పెద్ద షాపుందంట, పేరు హెచ్‌ఎంవీ. అమ్మా నీకేం తేవాలి అని అడుగుతున్నాడు. మాకు హెచ్‌ఎంవీ అంటే గ్రామఫోను ముందు కూర్చున్న కుక్క బొమ్మే తెలుసు, ఇది అదేనా? అక్కడ కొన్న సినిమా డిస్కులు మన ప్లేయర్లో ఆడతాయా, డబ్బులు దండగా?

అదే కుక్కండి. దాని పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు వేసిన ఆ బొమ్మని 1899లో గ్రామఫోన్ కంపెనీ కొనుక్కుంది, మన ఇళ్లకి రికార్డు లేబుల్ మీద వచ్చింది, వాళ్ల ఊళ్లో షాపు బోర్డు కూడా ఎక్కింది. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో మొదటి షాపు 1921 జులైలో తెరిచారు, ఎడ్వర్డ్ ఎల్గర్ లాంటి పెద్ద సంగీతకారుడు వచ్చి ప్రారంభించాడు. ఇక్కడ ఆ రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియానే ఇప్పటి సారేగామా, అయితే ఆ షాపులకీ సారేగామాకీ ఇవాళ సంబంధం ఏమీ లేదు, యజమానులు వేరు. ఆ షాపులు కూడా సుఖంగా ఏం బతకలేదు. 2013లో ఒకసారి దివాలా అంచుకి వెళ్లాయి, 2018 డిసెంబర్లో ఇంకోసారి, తర్వాత 2019లో సన్‌రైజ్ రికార్డ్స్ అనే కెనడా కంపెనీ కొని నిలబెట్టింది, మూతపడ్డ ఆ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ షాపు 2023 నవంబర్లో పాత చోటే మళ్లీ తెరుచుకుంది. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, మన దేశంలో ఇలా మూసిన షాపు ఒక్కటి కూడా తిరిగి తెరిచినట్టు నేను చూడలేదు మరి.

ఇక అసలు సంగతి. పాటల సీడీలకీ ఎల్పీ రికార్డులకీ దేశం గొడవ లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి. చిక్కంతా సినిమాలతోనే. ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడకుండా దేశాలని గుంపులుగా విడదీశారు, ఆ గుంపునే రీజియన్ అంటారు. డీవీడీల్లో ఇంగ్లాండుది రీజియన్ 2, మనది రీజియన్ 5. బ్లూరేల్లో వాళ్లది బి, మనది సి. డబ్బా వెనక భూగోళం బొమ్మలో చిన్న అంకె గానీ అక్షరం గానీ ఉంటుంది, అబ్బాయిని అది ఫొటో తీసి పంపమనండి, కొనే ముందే. మన ఇళ్లల్లో ఉన్న డీవీడీ ప్లేయర్లు చాలా వరకు అన్ని రీజియన్లూ ఆడేస్తాయి కాబట్టి డీవీడీలతో పెద్ద భయం లేదు, బ్లూరే ప్లేయర్లు మాత్రం అలా లొంగవు. కంప్యూటర్లో వేసి చూద్దాం అనుకుంటే డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ ఐదు సార్లే మార్చనిస్తుంది, ఐదోసారి ఏది పెడితే అక్కడే బిగుసుకుపోతుంది, అందుకని ఊరికే మార్చకండి. ఫోర్‌కే అల్ట్రా హెచ్‌డీ డిస్కుకి రీజియన్ తాళం ఉండదు, కాకపోతే దానికి ఫోర్‌కే ప్లేయరే కావాలి, అదే డబ్బాలో జతగా మామూలు బ్లూరే పెడితే దానికి తాళం ఉండొచ్చు.

నన్నడిగితే సినిమాలు వద్దండి, పాటలు తెప్పించుకోండి. ఎల్పీలు తెస్తే సూట్‌కేసులో బట్టల మధ్యన బల్లపరుపుగా పెట్టుకోమనండి, ఒక్కోటీ 140 నుంచి 180 గ్రాములు ఉంటుంది, కవర్ల బరువు అదనం, నాలుగైదు తెస్తేనే కిలో దాటుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చే దారిలో కారు వెనక అద్దం కింద మాత్రం పెట్టొద్దు, మన ఎండకి వంగిపోతాయి.

మహారాణిపేట నుంచి ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి: అయ్యా, మా నాన్నగారు దాచిన పాత లక్క రికార్డులు ఒక పెట్టెడు ఉన్నాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ కూడా ఉంది. బూజు పట్టేశాయి. తెలిసినాయన స్పిరిట్‌తో తుడిస్తే పోతుందన్నాడు. వాయించడానికి పాత సామాన్లమ్మే కొట్లో ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోన్ ఒకటి చూశాను, కుక్క బొమ్మ బిళ్ల కూడా ఉంది. కొనమంటారా?

మాస్టారూ, ముందు ఆ స్పిరిట్ సీసా మూత పెట్టి పక్కన పెట్టేయండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ కోసం లక్కని స్పిరిట్‌లోనే కదండీ కలిపేది, మీ రికార్డు మీద పాట చెక్కిన సన్నటి గాళ్లు కూడా అలాగే కరిగిపోతాయి, ద్వారం వారి కమాను ఇంక వినపడదు. స్పిరిట్ కలిపిన మందులు తర్వాత వచ్చిన వినైల్ ఎల్పీలకి పనికొస్తాయి గానీ నిమిషానికి 78 చుట్లు తిరిగే (78 ఆర్‌పీఎం) మీ లక్క రికార్డులకి విషం.

తుడవడం ఎలాగంటే, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక గిన్నెడు తీసుకుని అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయండి, చుక్కంటే చుక్కే. మెత్తటి నూలుగుడ్డ ముంచి బాగా పిండేసి, గాళ్లు ఎటు తిరిగాయో అటే గుండ్రంగా, నొక్కకుండా తుడవండి. మధ్యలో కాగితం లేబుల్‌కి తడి తగలకూడదు. నానబెట్టడం అసలొద్దు, ఆ రికార్డుల్లో లక్కతో పాటు రాతిపొడి లాంటివి కలిపి ఉంటాయి, అవి తేమ పీలుస్తాయి. వెంటనే ఇంకో గుడ్డ వట్టి నీళ్లతో, ఆ వెంటనే పొడిగుడ్డ, తర్వాత ఫ్యాను కింద నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. తుడిచాక వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూస్తే బూజు తిన్నచోట తెల్లటి సాలెగూడు లాంటి మచ్చ ఉండిపోవచ్చు, అక్కడ చిటపటమని శబ్దం వస్తుంది, దానికి ఏమీ చెయ్యలేం, మిగతా పాట బాగానే ఉంటుంది. బూజు దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

ఇంక ఆ ఇత్తడి బాకా గ్రామఫోన్. వద్దు మాస్టారూ. ఇప్పుడు కొట్లలో తళతళ మెరుస్తూ కనిపించేవి ఎక్కువ భాగం ఈ మధ్య తయారు చేసినవే, పాత మోటారు ఒకచోటిది, పెట్టె కొత్తది, బాకా కొత్తది, బిళ్ల అతికించినది. హాల్లో అలంకారానికి పెట్టుకోవచ్చు గానీ రికార్డు పెడితే ముల్లు బిగించిన ఆ బరువైన సౌండ్‌బాక్స్ గాళ్లని దున్నేస్తుంది. నిజమైన పాత మెషీనే దొరికినా ఉక్కు ముల్లు ప్రతి పక్కకీ మార్చాలి, ఒకసారి వాడిన ముల్లు మొన అరిగి పదునెక్కి తర్వాతి రికార్డుని కోసేస్తుంది. మీకు కావాల్సింది 78 స్పీడు ఉన్న ఎలక్ట్రిక్ టర్న్‌టేబుల్. ఇప్పుడొచ్చే వాటిలో చాలా వాటికి 33, 45 మాత్రమే ఉంటాయి, కాబట్టి అడిగి తీసుకోండి, దానితో పాటు 78కి వేరే ముల్లు కూడా. ఎల్పీ గాడి సన్నం, 78 గాడి దానికి మూడు నాలుగు రెట్లు వెడల్పు, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు భాగాల మొన ఉన్న ముల్లు కావాలి దానికి, ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున దొర్లుతూ గరగరమంటుంది, మీరేమో రికార్డు పాడైందనుకుంటారు. పెట్టెలోంచి అంతగా విలువ లేని రికార్డు ఒకటి తీసుకుని షాపుకి వెళ్లండి, మీ రికార్డే పెట్టి వినిపించమనండి. వినిపించనన్న షాపులో కొనకండి.

నిలువ చెయ్యడం కూడా చెప్పాలి. మహారాణిపేట అంటే సముద్రానికి కూతవేటు దూరం. మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది, బూజుకి అంతకన్నా ఏం కావాలి. సముద్రం వైపు గోడకి ఆనించి పెట్టొద్దు, ఇనప బీరువాలో ప్లాస్టిక్ కవర్లు చుట్టి బిగించొద్దు, లోపలి తేమ అక్కడే ఉండిపోతుంది. పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగువి చిట్లుతాయి. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టొచ్చు కానీ అవి నిండిపోతాయి, మారుస్తూ ఉండాలి. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం పెట్టె మూత తీసి గాలాడనివ్వండి, అన్నిటికన్నా అదే మేలు.

గాజువాక నుంచి ఒక ఆటో డ్రైవరు: అన్నయ్యా, మా ఆటోలో పెన్‌డ్రైవ్ పెట్టుకునే స్టీరియో ఉంది. సెల్ షాపోడు రెండొందలిస్తే వెయ్యి పాటలు ఎక్కించేస్తానంటాడు. పాత పాటలేమో గిర్రుమని వస్తున్నాయి, కొత్త పెన్‌డ్రైవ్ కొంటే అసలు చదవట్లేదు. ఏటి సెయ్యాలి?

తమ్ముడూ, చదవకపోవడం చిన్న విషయం. ఆటో స్టీరియోలు చాలా వరకు ఫ్యాట్‌32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌నే చదువుతాయి, కొత్తగా కొన్న పెద్ద సైజు డ్రైవ్‌లు వేరే ఫార్మాట్‌లో వస్తాయి. 32 జీబీ లేదా అంతకన్నా చిన్నది తీసుకుని ఎవరి కంప్యూటర్లోనైనా ఫ్యాట్‌32 చేయించు, ఆడుతుంది.

గిర్రుమనడానికి కారణం ఆ వెయ్యి పాటలే. ఎవడో ఒకడు ఎక్కడో తక్కువ క్వాలిటీలో దించుకున్న ఫైలుని, 64 కేబీపీఎస్‌దో 128దో (ఈ అంకె ఎంత తక్కువైతే శబ్దం అంత నాసి), మళ్లీ 320 అని పేరు పెట్టి మార్చి పంచుతారు. ఒకసారి పోయిన శబ్దం పేరు మారిస్తే తిరిగి రాదు. పైగా పాడినవాళ్లకీ రాసినవాళ్లకీ ఆ రెండొందల్లోంచి పైసా వెళ్లదు. చట్టం కూడా ఉంది, మన దేశంలో పాట రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది, అంటే నువ్వు ఆటోలో వేసే పాటల్లో దాదాపు అన్నిటికీ ఇంకా హక్కుదారులున్నారు. నేనైతే అలా ఎక్కించుకోవద్దనే చెప్తా. కంపెనీలే వేసిన ఒరిజినల్ ఎంపీత్రీ సీడీలు పాత స్టాకు ఇంకా కొన్ని షాపుల్లో మూలన పడి ఉంటున్నాయి, ఒక్కో దాంట్లో యాభై అరవై పాటలు ఉంటాయి, అది కొనుక్కుని నీ డ్రైవ్‌లోకి నువ్వు వేసుకో. లేదూ పాత పాటలే కావాలంటే సారేగామా వాళ్ల కారవాన్ తెలుగుది వస్తుంది, పాటలు లోపలే ఎక్కించి అమ్ముతారు, నెట్ అక్కర్లేదు, స్టాండులో ఖాళీగా ఉన్నప్పుడు పక్కన పెట్టుకుని వినొచ్చు.

ఒరిజినల్ సీడీ అవునో కాదో నీకు నువ్వే చూసుకోవచ్చు. తిరగేసి చూడు. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సీడీ అడుగు వెండి రంగులో ఉంటుంది, ఇంట్లో రాసిన దానికి పచ్చగానో నీలంగానో ఛాయ ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ అద్దంలా ఉన్న వలయంలో నెంబరు చెక్కి ఉంటుంది, దాంతోపాటు ఐఎఫ్‌పీఐ అని సన్నటి అక్షరాలు కూడా చాలా వాటికి ఉంటాయి. కవరు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే అసలు చూడక్కర్లేదు, వెనక్కి ఇచ్చెయ్యి.

అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకురాలు: మా వారు పోయి చాలా ఏళ్లయిందండి. పెళ్లయిన కొత్తల్లో ఆయన కాగితం మీద పాటల లిస్టు రాసి షాపులో ఇచ్చి క్యాసెట్లు నింపించి తెచ్చేవారు. అవి అట్ట పెట్టెలో అలాగే ఉన్నాయి. టేప్ రికార్డరు పాడైంది. ఈమధ్య మా మేనల్లుడు వాళ్ల స్నేహితుడి ప్లేయర్లో పెడితే టేపు నమిలేసింది. భయమేసి తీయించేశాను. వాటిని ఫోన్లోకి మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చమ్మా, తప్పకుండా. మంచి పని చేశారు ఆపించి.

డాబాగార్డెన్స్, జగదాంబ చుట్టుపక్కల ఒకప్పుడు అలాంటి రికార్డింగ్ షాపులు ఉండేవి కదా, కౌంటరు మీద డబుల్ డెక్కులు వరసగా, పాటల పేర్ల పెద్ద రిజిస్టరు దారానికి కట్టి, మనం నెంబర్లు రాసిస్తే సాయంత్రం రమ్మనేవారు. సిక్స్‌టీ అయితే పక్కకి అరగంట, నైంటీ అయితే ముప్పావు గంట, ఏ పాట ఎక్కడ పడితే చివర్లో తెగకుండా ఉంటుందో ఆ షాపబ్బాయి లెక్క వేసి సర్దేవాడు. ఆ వరస ఏ కంపెనీ క్యాసెట్‌లోనూ ఉండదు, ఆ లిస్టు మీ వారిదే. అందుకే అదే పాటలు యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి, క్యాసెట్టు మొత్తం ఉన్నదున్నట్టు మార్చించుకోండి, పాటకి పాటకి మధ్య ఖాళీతో సహా.

టేపు నమలడం చాలాసార్లు టేపు తప్పు కాదు, ప్లేయర్లో రబ్బరు చక్రం జిగురుగా మారిపోయి లాగేస్తుంది. ముందు మంచి డెక్ ఉన్న మనిషిని వెతకాలి, పాత ఆడియో రిపేరు చేసే మెకానిక్కులు ఇంకా ఒకరిద్దరు ప్రతి పెద్ద బజార్లోనూ ఉంటారు. టేపుని చదివే హెడ్డూ ఆ రబ్బరు చక్రమూ తుడిచారా అని అడగండి, మీ కళ్ల ముందు పనికిరాని క్యాసెట్టొకటి వేసి చూపించమనండి, అది ఒక పక్కంతా సాఫీగా ఆడితేనే మీ దాని మీద చెయ్యి వేయనివ్వండి. మీ క్యాసెట్ లోపల కిటికీలోంచి చూడండి, టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు, దాన్ని వేస్తే ప్లేయరు మొత్తానికి అంటుకుంటుంది, ముందు శుభ్రం చేయించాలి. టేపుని హెడ్డుకి ఆనించే చిన్న ఫోమ్ ముక్క, రాగి రేకు మీద ఉంటుంది, అది ఊడిపోయినా గొంతు లోతులోంచి వచ్చినట్టు ఉంటుంది, వేరే క్యాసెట్టు నుంచి తీసి వేస్తారు. చాలా ఏళ్లు కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆడించే ముందు పెన్సిల్ పెట్టి మెల్లగా ఒక చుట్టు తిప్పి, ఆ తర్వాత చివరిదాకా పోనిచ్చి వెనక్కి తెప్పించండి.

మార్చడానికి అడ్డదారి లేదు, క్యాసెట్టు ఎంతసేపు ఆడితే అంతసేపు పడుతుంది. తొందరగా చేసేస్తాం అన్నవాళ్లకి ఇవ్వకండి. డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి తీగ, ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్, అందులో సెట్టింగు 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైల్. ఆ వేవ్ ఫైలు పదిలంగా రెండుచోట్ల ఉంచుకుని, ఫోన్‌కి మాత్రం ఎంపీత్రీ చేసుకోండి. ఆ లిస్టు కాగితాలు కవర్లో మడిచి ఉంటే వాటిని కూడా ఫొటో తీసి పెట్టుకోండి. క్యాసెట్లు పారెయ్యొద్దు.

పెదవాల్తేరు నుంచి ఏయూలో చదువుతున్న ఒక విద్యార్థిని: సార్, నాకు వినైల్ అంటే పిచ్చి. ఆన్‌లైన్‌లో సూట్‌కేస్ లాంటి ప్లేయర్లు ముద్దుగా తక్కువ రేటుకి దొరుకుతున్నాయి. హాస్టల్ రూమ్‌కి సరిపోతుంది. ఫ్రెండ్సేమో రికార్డులు పాడైపోతాయి అంటున్నారు, నిజమా? సెకండ్ హ్యాండ్ ఎల్పీలు కొనేటప్పుడు ఏం చూడాలి?

ఫ్రెండ్స్ చెప్పింది నిజమే తల్లీ, మరీ ఒక్కసారికే పాడవ్వవు గానీ. ఆ సూట్‌కేసుల్లో సిరామిక్ కార్ట్‌రిడ్జ్ (ముల్లు బిగించే చిన్న డబ్బీ) ఉంటుంది, ముల్లు రికార్డు మీద ఐదు గ్రాముల దాకా బరువు మోపుతుంది. కాస్త మంచి టర్న్‌టేబుల్ అయితే రెండు గ్రాముల లోపే, పైగా వెనక ఆ బరువుని సర్దుకునే గుండు ఉంటుంది. స్పీకర్లు కూడా అదే పెట్టెలో ఉండటంతో అదురు ముల్లుకి తగిలి గంతులేస్తుంది. మొదట్లో ఒక ఆరు నెలలు ఆగి డబ్బులు కూడబెట్టుకో. కొనేటప్పుడు ఫోనో ప్రీయాంప్ లోపలే ఉందా అని అడుగు, ఎందుకంటే మాగ్నెటిక్ కార్ట్‌రిడ్జ్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, దాన్ని తిరిగి సరిచేసి పెంచే సర్క్యూట్ లేకపోతే మామూలు బ్లూటూత్ స్పీకర్‌కి కలిపితే సన్నగా కీచుమంటూ వస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఎల్పీ చేతికొచ్చాక కవర్ చూసి మురిసిపోకు, అందరం అక్కడే పడిపోతాం. డిస్క్ బయటికి తియ్యి, అంచునీ లేబుల్‌నీ మాత్రమే పట్టుకో, వేళ్లు గాళ్ల మీద పడకూడదు. కంటి ఎత్తులో బల్లపరుపుగా పట్టుకుని చూస్తే వంకర ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత ట్యూబ్‌లైట్ కింద వాల్చి చూడు, వెంట్రుకవాసి గీతలు పైపైవి పర్లేదు, గోరుతో మెల్లగా రాస్తే తగిలే గీత ఉంటే ప్రతి చుట్టుకీ టక్ టక్ అంటుంది. నల్లగా మెరవాల్సింది బూడిదరంగులో మసగ్గా ఉందంటే అరిగిపోయిందని. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు గజిబిజిగా ఉంటే ఎవరో తెగ వాడారని అర్థం. ఆన్‌లైన్‌లో రాసే గ్రేడులు చూసి మోసపోకు, గుడ్ అని ఉంటే అది బాగుందని కాదు, బాగా దెబ్బతిన్నదని. వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్) కన్నా తక్కువ అయితే వినకుండా కొనకు. షాపులో ఉంటే పక్క చివరి పాట వినిపించమను. లోపలికి వచ్చేకొద్దీ చుట్టు చిన్నదై శబ్దం తక్కువ చోటులో ఇరుక్కుంటుంది, అరుగుదల ఏదైనా ముందు అక్కడే బయటపడుతుంది, మొదటి పాట ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు: పెళ్లి వీసీడీలు, కొన్ని సినిమా వీసీడీలు ఉన్నాయి. ప్లేయర్ లేదు. ల్యాప్‌టాప్‌లో పెడితే ఏవో ఫోల్డర్లు కనిపిస్తున్నాయి తప్ప సినిమా రావట్లేదు.

ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్ తెరవండి, పేరు చివర .DAT అని ఉన్న పెద్ద ఫైలు ఉంటుంది, దాన్ని వీఎల్‌సీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆడుతుంది. పెళ్లివి ఈ వారమే కాపీ చేసుకోండి, ఇంట్లో రాసిన డిస్కుల రంగు పొర కాలం గడిచేకొద్దీ చెడిపోతుంది. ఇంకో మాట, సీడీ, వీసీడీల్లో సమాచారం ఉన్న పొర మెరిసే వైపు కాదు, లేబుల్ కిందే ఉంటుంది. కాబట్టి పైన పెన్నుతో గట్టిగా రాయడం, స్టిక్కర్ పీకడం చెయ్యకండి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా వద్దు.

సిరిపురం నుంచి ఒక యువకుడు: అన్నా, నాకు బీచ్ రోడ్డు వైపు చిన్న షాపు పెట్టాలనుంది, ఎల్పీలు, సీడీలు, సినిమా డిస్కులు. ఇంట్లో అందరూ పిచ్చోడివా అంటున్నారు. ఫోన్లో అన్నీ ఫ్రీగా వస్తుంటే ఎవరు కొంటార్రా అంటున్నారు. మీరేమంటారు?

ఇంట్లోవాళ్ల భయం ఉత్తది కాదు తమ్ముడూ. కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో మ్యూజిక్ వరల్డ్ 2013లో మూసేశారు, ముంబై కాలాఘోడాలో ఎంతో పేరున్న రిథమ్ హౌస్ 2016లో మూసేశారు. రేటు తగ్గిస్తే జనం కొంటారు అనే ప్రయోగం కూడా అయిపోయింది, మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మారు, కిరాణా కొట్లలో కూడా దొరికేవి, ఆ కంపెనీ కూడా 2018లో మూసివేత ప్రక్రియలోకి వెళ్లిపోయింది. కాబట్టి తక్కువ రేటుతో గెలుద్దాం అనుకుంటే వద్దే వద్దు, ఫ్రీతో ఎవరూ పోటీ పడలేరు.

అయినా నేను వద్దని చెప్పను. పైన వచ్చిన ఉత్తరాలు చూడు, ఈ ఊళ్లోనే ఒకాయన రికార్డులు స్పిరిట్‌తో తుడవబోయాడు, ఒకావిడ క్యాసెట్టు పట్టుకుని ఎవరి దగ్గరికెళ్లాలో తెలీక కూర్చుంది, ఒక అమ్మాయి ఏ ప్లేయరు కొనాలో ఆన్‌లైన్‌లో వెతుక్కుంటోంది. వీళ్లకి కావాల్సింది సరుకు కన్నా ముందు తెలిసిన మనిషి. పాత షాపుల్లో ఉండేది అదే కదా, రాగం పేరు తెలీకపోయినా కూనిరాగం తీస్తే ఇదా అని డబ్బా తీసి ముందు పెట్టేవాడు, నచ్చకపోతే ఇంకోటి వేసేవాడు. అలాంటివాడి దగ్గరకే మళ్లీ వెళ్లేవాళ్లం.

అందుకని నీ షాపులో సగం జాగా అమ్మకానికి కాదు, వినడానికి ఇవ్వు. ఒక మంచి టర్న్‌టేబుల్, ఒక క్యాసెట్ డెక్, ఒక సీడీ ప్లేయర్, రెండు కుర్చీలు, హెడ్‌ఫోన్లు. కొత్త ఎల్పీల మీద మిగిలేది తక్కువ, స్టాకు ఇరుక్కుపోతే డబ్బంతా అక్కడే ఉండిపోతుంది, కాబట్టి మొదట పాతవి కొని, శుభ్రం చేసి, ఎలా ఉందో దాపరికం లేకుండా చీటీ అతికించి అమ్ము. రికార్డులు కడగడం, క్యాసెట్లు డిజిటల్ చేయడం, ముల్లు మార్చడం, ఇవి పనికి పని, రోజూ కాస్త డబ్బు తెచ్చేవి. సినిమా డిస్కులు కొంచెమే పెట్టు, అవి కూడా జనం అడిగాకే. పైరసీది ఒక్కటి కూడా లోపలికి రానివ్వకు, ఒకటి వచ్చిందంటే మిగతా వాటి మీద కూడా నమ్మకం పోతుంది.

బీచ్ రోడ్డు మీద మాత్రం నాకు ఒప్పుదల లేదు. అద్దె సంగతి అటుంచితే ఆ ఉప్పుగాలికి మెషీన్ల కాంటాక్టులు చిలుము పడతాయి, కవర్లు మెత్తబడి అంచులు లేస్తాయి, ఏసీ రోజంతా ఆన్‌లో ఉంచితే గానీ సరుకు నిలవదు, రాత్రి ఆపితే మళ్లీ తేమ. హుద్‌హుద్ వచ్చినప్పుడు 2014 అక్టోబర్లో ఆ రోడ్డు ఏమైందో నీకూ గుర్తుండే ఉంటుంది. ద్వారకానగర్, అక్కయ్యపాలెం లోపలి వీధుల్లో మేడ మీద గది చూడు, కింద అంతస్తు కాకుండా. వెతుక్కుని వచ్చేవాళ్లు మెట్లెక్కి కూడా వస్తారు. మొదట శని, ఆదివారాలు మాత్రమే తెరిచి, ఉద్యోగం వదలకుండా ఒక ఏడాది నడిపి చూడు. అద్దె కాగితాల మీద సంతకం పెట్టే ముందు లెక్కలు వేసి నాకొకసారి రాయి, టర్న్‌టేబుల్, డెక్ ఏవి తీసుకోవాలో అప్పుడు వివరంగా చెప్తాను.